'నే.కృ.' అంటే ఎవరో తెలిసిన రోజు

"టీచర్, ఈ పాట రాసింది అన్నమయ్య గదా. మరి గిట్ల పాడాలని ఎవరు చెప్పిన్రు?"

ఆ ప్రశ్న అడిగింది ఎనిమిదో తరగతి చదివే పిల్ల. 2014 కార్తీకమాసం. కాజీపేటలో మా ఇంటి వరండాలో చాప పరిచి, పదకొండు మంది ఆడపిల్లలకు 'నానాటి బతుకు' కీర్తన నేర్పుతున్నాను. "ఇంకెవరు చెబుతారే, అన్నమయ్యే. రాసినాయనకు పాడటం రాదా ఏమిటి?" అనేశాను. పిల్లలంతా నవ్వారు. అడిగిన పిల్ల కూడా నవ్వి ఊరుకుంది.

నేను చెప్పింది తప్పని నెల తిరిగేసరికి తెలిసింది. ఆ జవాబు ముప్ఫై ఏళ్ళుగా నా బీరువాలోనే ఉంది. చూస్తూనే ఉన్నాను గానీ చదవలేదు. అదెలాగో మీతో చెప్పుకుంటే గానీ నా మనసు తేలికపడదు.

గార్డుగారి పిన్నిగారు

మా నాన్న కాజీపేట లోకోషెడ్‌లో ఫిట్టరు. రైల్వే కాలనీ అంటే మీకు తెలిసిందే, దేశంలోని భాషలన్నీ ఒకే కుళాయి దగ్గర కలుస్తాయి. బలార్షా వైపు నుంచి వచ్చిన మరాఠీవాళ్ళు, తమిళులు, ఇక్కడి హన్మకొండ, మడికొండ వాళ్ళు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు... అందరం అటూ ఇటూ ఇళ్ళల్లోనే. అలా వచ్చినవారే మా గార్డుగారు, ఆయన భార్య. ఆవిడది విజయనగరం. చిన్నతనంలో కొన్నేళ్ళు సంగీతం నేర్చుకున్నారట. పెళ్ళయ్యాక ఊరూరా తిరగడంతో అది అక్కడితో ఆగింది. కాలనీ పిల్లలమంతా ఆవిణ్ణి 'పిన్నిగారు' అనేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పుడు, అంటే 1976లో, మా అమ్మ నన్ను ఆవిడ దగ్గర కూర్చోబెట్టింది. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత కళాశాల ఉందని నాన్నకు తెలుసు. కానీ సాయంత్రం పూట ఆడపిల్లను బస్సులో అంతదూరం ఒక్కతినే పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. పిన్నిగారి ఇల్లయితే మా వెనక వరసే. ఫీజు లేదు. దసరాకు చీర పెడితే పుచ్చుకునేవారు, అంతే.

ఏటా వేసవిలో పిన్నిగారు పుట్టింటికి వెళ్ళేవారు. అక్కడి సంగీత కళాశాలలో చదివే బంధువుల అమ్మాయి దగ్గర కూర్చుని కొత్త పాటలు స్వరంతో సహా రాసుకొచ్చేవారు. జూన్‌లో బడి తెరిచేసరికి మాకు కొత్త పాట సిద్ధంగా ఉండేది. 'నానాటి బతుకు' అలా వచ్చిందే. రేవతి రాగం. అందులో ఉండేవి అయిదు స్వరాలే. గాంధారం లేదు, ధైవతం లేదు. వేదం చదువుతున్నట్టు వినపడుతుంది. చిన్నపిల్లలకు అక్కడే చిక్కు. 'ప' నుంచి 'ని'కి వెళ్ళేటప్పుడు గొంతు తెలియకుండానే మధ్యలో 'ద'ను రాసుకుపోతుంది.

"అలాగ కాదమ్మా! లేని స్వరం లేనట్టే ఉండాలి. దాని మీంచి దాటిపో, దాన్ని తొక్కీకు" అనేవారు పిన్నిగారు. ఆ ఒక్క చోటే నాకు నాలుగు రోజులు పట్టింది.

1984లో గార్డుగారు రిటైరై సొంతూరు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు పిన్నిగారు తన నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. అరవై మూడు పాటలు. ఊదారంగు సిరాతో పాట, ఎర్ర పెన్సిలుతో స్వరం. ప్రతి పాట పైన ఎడమవైపు రాగం, తాళం. కొన్నింటికి కుడివైపు మూలన చిన్న అక్షరాలతో 'వ: నే.కృ.' అని ఉండేది. అదేదో తాళం గుర్తు కాబోలు అనుకున్నాను. అడగాలని కూడా తోచలేదు.

గోడ అవతల ఎవరో నిద్రలో

మరుసటేడే నా పెళ్ళయింది. మా ఆయన ఇంజను డ్రైవరు. ఇదే కాజీపేట, ఇంకో వరస క్వార్టరు. అత్తింట్లో పాట వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్ళ సంగీతం ఆగిపోయిందంటే అందరూ అత్తగారి వైపే చూస్తారు.

మా ఇంట్లో సంగీతాన్ని ఆపింది నిద్ర. డ్రైవరు రాత్రంతా బండి నడిపి పొద్దున వస్తాడు. పగలు ఆయన కంటినిండా నిద్రపోకపోతే మళ్ళీ రాత్రి సిగ్నల్ ఎలా చూస్తాడు? ఆయన వెనక వెయ్యి ప్రాణాలుంటాయి. కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టేదాకా ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. పోనీ ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు పాడుకుందామా అంటే, మా వరసలో ఎనిమిది ఇళ్ళు, ఒకదానికొకటి గోడ. ఏ వేళప్పుడైనా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు నిద్రలో ఉండేవారు. రైలు కూతకు లేవనివాళ్ళు పక్కింటి పాటకు లేస్తారు! రైల్వే ఇల్లాళ్ళకు ఈ సంగతి తెలుసు.

అలా ఇరవై ఒక్క ఏళ్ళు. రేడియో కూడా చెవికి ఆనించుకునే వినేదాన్ని. వంట చేస్తూ పెదవి కదపకుండా లోలోపలే పాడుకునేదాన్ని. ఒక లాభం మాత్రం కలిగింది. గొంతు తెరవకపోయినా, 'ద'ను తాకకుండా 'ని'కి వెళ్ళడం మాత్రం మరచిపోలేదు.

2006లో మా ఆయన కంటి పరీక్షలో తప్పారు. బండి దించేసి షెడ్‌లో పగటి డ్యూటీ ఇచ్చారు. ఆయనకది పెద్ద దెబ్బ. చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అదే ఏడాది క్వార్టర్స్ వదిలి సొంతింటికి మారాం. ఓ రాత్రి ఆయనకు నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతుంటే, పక్కగదిలోంచి అత్తమ్మ పిలిచి, "నువ్వన్న ఏదన్న పాడరాదు బిడ్డా, ఆ పొయ్యికాడ మూలుగుతుంటవు గదా" అంది. ముసలామెకు అన్నీ తెలుసు. నాకు భయమేసింది. గొంతు వస్తుందో రాదో. మెల్లగా 'నానాటి బతుకు' ఎత్తుకున్నాను. పల్లవి రెండోసారికి గొంతు పగిలింది. అయినా చివరిదాకా పాడాను.

మా ఆయన లేచి కూర్చున్నారు. "ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉండి, నువ్వు పాడుతవని నాకు తెల్వదు" అన్నారు. నిజమే మరి. తెలిసే వీలు లేకుండా చేసింది నేనే కదా.

మరుసటి ఏడాది నుంచీ వరండాలో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను.

పేపర్లో ఆ పేరు

ఇప్పుడు మళ్ళీ 2014కు వద్దాం. డిసెంబరు 9 ఉదయం. టీ తాగుతూ పేపరు తిప్పుతున్నాను. సంగీత కళానిధి నేదునూరి కృష్ణమూర్తిగారు ముందురోజు విశాఖపట్నంలో కన్నుమూశారని వార్త. ఆయన పేరు నాకు తెలియనిది కాదు. రేడియోలో కచేరీలు విన్నాను. పెద్ద విద్వాంసుడు, మనకు అందనంత దూరం అనుకునేదాన్ని. 'అయ్యో' అనుకుంటూ చదువుతుంటే, ఆయన వరుసలు కట్టిన అన్నమయ్య కీర్తనల పేర్లు వచ్చాయి. 'నానాటి బతుకు'. 'ఏమొకో'.

నేదునూరి కృష్ణమూర్తి. నే.కృ.

టీ అక్కడే పెట్టి బీరువా తెరిచాను. నోటుబుక్కు తీశాను. 'వ' అంటే వరుస. అరవై మూడు పాటల్లో తొమ్మిదింటి మీద ఆ రెండక్షరాలు ఉన్నాయి. పిన్నిగారు ఎవరి సొత్తు ఎవరిదో శ్రద్ధగా రాసి ఇచ్చారు. నేనే ముప్ఫై ఏళ్ళు దాన్ని తాళం గుర్తు అనుకున్నాను.

ఓ మనిషి పాటను పట్టుకుని నేను నా కష్టకాలం దాటాను. ఆ మనిషి ఎవరో ఆయన పోయిన మర్నాడు తెలిసింది. ఆ పొద్దున నాకు ఏడుపు వచ్చిందంటే మా ఆయన కూడా ఆశ్చర్యపోలేదు.

అమ్మ పాట విని మొదలైన చదువు

ఆ తర్వాతే ఆయన గురించి అడిగి, చదివి తెలుసుకున్నాను. నేదునూరివారు 1927 అక్టోబరు 10న పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టారు. ఆయనకు సంగీతం మీద మనసు కలిగింది ఏ సభలోనో కాదు, ఇంట్లోనే. తల్లి పాడుకునే అష్టపదులు, తరంగాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు వింటూ పెరిగారు. అక్క చెల్లెళ్ళారా, ఈ సంగతి దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. పేరు రాని, కచేరీ చేయని ఒక తల్లి ఇంట్లో పాడుకుంది. పక్కన ఆడుకుంటున్న పిల్లాడు విన్నాడు. మన పాట ఎవరు వింటారులే అనుకుంటాం గానీ!

1940లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చేరి, ద్వారం నరసింగరావు నాయుడుగారి దగ్గర వయొలిన్, గాత్రం రెండూ నేర్చుకున్నారు. 1949లో డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారి దగ్గర చేరడంతో ఆయన గానం కొత్త దారి పట్టింది. పినాకపాణిగారు వృత్తిరీత్యా వైద్యుడు. పగలు ఆస్పత్రి, తీరిక దొరికితే సంగీతం. ఉద్యోగం చేసుకుంటూనే ఇంతమంది విద్వాంసులను తయారుచేసిన గురువు మరొకరు కనబడరు.

నేదునూరివారు కచేరీలతోనే గడిపేయలేదు. విజయనగరం, విజయవాడ, సికింద్రాబాద్, తిరుపతి సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగానికి డీన్‌గా ఉన్నారు. 1991లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మల్లాది సోదరులు ఆయన దగ్గర నేర్చుకున్నారు. 2025 మార్చిలో మనకు దూరమైన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారూ ఆయన శిష్యుడే. ఆ శిష్యుడు వందల అన్నమయ్య కీర్తనలకు వరుసలు కట్టి ఊరూరా పాడారు. గురువుగారి పని ఎంతదూరం వెళ్ళిందో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

రాగిరేకుల మీద లేనిది

మా పిల్ల అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించాడు. ముప్ఫైరెండు వేల కీర్తనలు చెప్పాడంటారు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఓ అరలో భద్రపరిచారు. ఎన్నో తరాలు అవి చీకట్లోనే ఉండిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో వెలుగులోకి వచ్చాయి. దొరికినవి పన్నెండు వేలకు పైనే.

అయితే ఆ రేకుల మీద ఉన్నది పాట మాట, పైన రాగం పేరు మాత్రమే. స్వరం లేదు. ఆ రాగాల్లో కొన్ని ఇవాళ పేరుకే మిగిలాయి, ఎలా పాడాలో చెప్పేవారు లేరు. అంటే అన్నమయ్య ఎలా పాడాడో మనకు తెలియదు. వంటపుస్తకం దొరికింది గానీ అందులో పదార్థాల పేర్లే ఉన్నాయి, పాళ్ళు లేవు అనుకోండి. వండి రుచి చూపించాల్సింది తర్వాతివాళ్ళే.

ఆ పనికి ముందుగా పూనుకున్నవారిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఒకరు. తర్వాత నేదునూరివారు. నూరుకు పైగా అన్నమయ్య కీర్తనలకు ఆయన వరుసలు కట్టారు. రామదాసు కీర్తనలకూ కట్టారు. అన్నమయ్య పాటలను స్వరపరచి 'అన్నమయ్య పదసౌరభం' పేరుతో పుస్తకాలుగా ఇచ్చారు. 'నానాటి బతుకు'ను ఆయన కట్టిన రేవతి రాగంలోనే ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడారు. ఆ గొంతుతో అది దేశమంతా తిరిగింది. అందరికీ ఆ గొంతు గుర్తుంది, అన్నమయ్య పేరు గుర్తుంది. మధ్యలో వరుస కట్టినాయన పేరు జారిపోయింది.

పండితుల మాట నాకు తెలియదు గానీ, నేర్పేదానిగా నాకు తోచింది చెబుతాను. ఆయన వరుసల్లో రాగం ఎక్కడా పలచబడదు. అలాగని గొంతుకు మించిన భారమూ ఉండదు. 'ఏమొకో' తిలంగ్ రాగంలో ఉంటుంది. అది హిందుస్తానీ నుంచి వచ్చిన రాగం. ఎక్కేటప్పుడు ఒక నిషాదం, దిగేటప్పుడు ఇంకో నిషాదం. ఆ తేడా మాటల్లో చెబితే పిల్లలకు అర్థం కాదు. ఈ పాట నేర్పితే వారం రోజుల్లో వాళ్ళ గొంతే చెప్పేస్తుంది. పాఠం చెబుతున్నట్టు తెలియకుండా పాఠం చెప్పడమంటే అదే. ప్రొఫెసర్ కట్టిన వరుస అని అందుకే అనిపిస్తుంది. పెద్ద కచేరీలో విద్వాంసుడూ పాడుకోవచ్చు, పొయ్యి దగ్గర నాలాంటిదీ పాడుకోవచ్చు.

చేతిలో పాసు ఉండి కూడా

నన్ను బాధపెట్టే సంగతి ఇంకోటుంది. మాది రైల్వే కుటుంబం. ఏటా పాసులు వస్తాయి. తిరుపతి వెళ్ళాం, విజయవాడ వెళ్ళాం, ఓసారి విశాఖపట్నం వెళ్ళి సముద్రం చూసి వచ్చాం. సికింద్రాబాద్ అయితే పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అంత దగ్గరి ఊళ్ళో కళాశాల నడిపిన మనిషి, నేను సముద్రం చూసిన ఊళ్ళోనే చివరిదాకా ఉన్న మనిషి. ఓ కచేరీకి వెళ్ళి వెనక వరసలో కూర్చుని, అయ్యాక ఓ దణ్ణం పెట్టుకోవడానికి నాకు ఏ అడ్డూ లేదు. ఎవరో తెలియకపోవడం ఒక్కటే అడ్డు.

పిన్నిగారు కూడా అప్పటికే లేరు. ఉంటే ఫోన్ చేసి, "నే.కృ. ఎవరో ఇప్పుడు తెలిసిందండీ" అని చెప్పేదాన్ని. తిట్టేవారేమో కూడా!

ఆ సాయంత్రం పిల్లలు వచ్చాక శ్రుతిపెట్టె వెంటనే తెరవలేదు. పేపర్లోని ఫొటో చూపించాను. "నేను మీకు తప్పు చెప్పాను. మీరు నవ్వారు కూడా. ఆ మాట రాసింది అన్నమయ్య. అలా పాడమని చెప్పింది ఈయన" అన్నాను. టీచరు తప్పు ఒప్పుకుంటే పిల్లలు ఏమంటారోనని లోపల గుబులుగా ఉంది. వాళ్ళు ఫొటోను చేతులు మార్చుకుంటూ చూశారు. ప్రశ్న అడిగిన పిల్ల మాత్రం, "నేను అప్పుడే అనుకున్న టీచర్" అంది. ఏమనుకుందో నేను అడగలేదు.

తర్వాత అందరం కలిసి 'నానాటి బతుకు' పాడాం. రోజూ బతికే బతుకు ఓ నాటకమని చెప్పే పాట. రెండో చరణంలో ఇద్దరు పిల్లలు 'ద'ను తాకారు. ఆ రోజు కూడా ఆపి సరిచేశాను. "లేని స్వరం లేనట్టే ఉండాలి" అన్నాను. అలా సరిచేయడమే ఆయనకు దణ్ణం అనిపించింది.

మా వరండా పద్ధతి

ఆనాటి నుంచి మా క్లాసులో ఒక నియమం పెట్టాను. పాట మొదలుపెట్టేముందు నాలుగు మాటలు చెప్పాలి. రాగం, తాళం, రాసినవారు, వరుస కట్టినవారు. నాలుగోది తెలియకపోతే 'తెలియదు' అనాలి గానీ, నాలాగా అన్నమయ్యే అని నెట్టేయకూడదు. మొదట్లో పిల్లలకు విసుగ్గా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది. కొందరు ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళను కూడా అడుగుతారట, "బతుకమ్మ పాటకు ఈ వరుస ఎవరు కట్టిన్రు నానమ్మా?" అని. దానికి నానమ్మలు చెప్పే జవాబు, "మా అమ్మ పాడేది, నేను పాడుతున్న" అని. ఆ జవాబూ మంచిదే. అది కూడా నోటుబుక్కులో రాయమంటాను.

మీ ఇళ్ళల్లోనూ పాత నోటుబుక్కులు ఉంటాయి. అమ్మవో, అత్తమ్మవో, పక్కింటి పిన్నిగారివో. అట్టపెట్టెలో వేసి అటక ఎక్కించేముందు ఓసారి తెరిచి, మూలల్లో రాసిన చిన్న అక్షరాలు కూడా చదవండి. రాసినవాళ్ళు మన మధ్య ఉన్నారా, అడగడం వాయిదా వేయకండి.

ఆ రోజు ప్రశ్న అడిగిన పిల్ల ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. పోయిన దసరాకు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో పాడిందట. రాత్రి పదిన్నరకు ఫోన్. మా ఆయన నిద్రపోతున్నారు. పాత అలవాటు, గబగబా వరండాలోకి వచ్చి మెల్లగా "ఏమైందే?" అన్నాను.

"ఏం కాలేదు టీచర్. మైకులో ఆమె అన్నమయ్య పేరు ఒక్కటే చెప్పి ఊకుంది. నేను మైకు తీస్కొని నేదునూరి సార్ పేరు చెప్పిన. చెప్పినంకనే పాడిన."